ఊళ్ళు లేని దారి

ఎలిశబెతమ్మ గుమ్మానికి అడ్డంగా చెయ్యి పెట్టి నిలబడింది.

అవతల వాకిట్లో, మిట్టమధ్యాహ్నం వెలుగులో, ఆమె ఒక్కగానొక్క కొడుకు హెబ్రోను. చేతిలో ఒక తోలుసంచి. ఇవతల నడింట్లో ఆమె భర్త జకరయ్య, ఇంకా మూత వెయ్యని శవపెట్టెలో. తండ్రి ముఖం చూడ్డానికి ఢిల్లీ నుంచి వచ్చిన కొడుకును ఆమె లోపలికి రానివ్వడం లేదు.

"వీడు నా కొడుకు కాదు. నా కొడుకు రేపు తెల్లారి బండికి దిగతాడు."

గట్టిగా ఏమీ అనలేదు. బియ్యంలో రాళ్ళున్నాయని చెప్పినట్టు అంది. చాపల మీద కూర్చున్న ఆడవాళ్ళ ఏడుపు ఒక్కొక్కటిగా ఆగిపోయింది. పెరట్లో పెట్టె మూతకు చిత్రిక పడుతున్న వడ్రంగి మస్తానయ్య చేతులు ఆపి తొంగి చూశాడు.

కోడలు రెబెక్కమ్మ అత్త వెనకే ఉంది. ఏడాదిన్నరగా చూడని మొగుడు ఎదురుగా కనిపిస్తే ఏ ఆడదానికైనా కాళ్ళు ముందుకే పోతాయి. ఆమెవీ పోయాయి. కానీ అత్త రెండో చెయ్యి వెనక్కి చాచి ఆమె కొంగు పట్టుకుంది. ముసలాయన ప్రాణం పోయినప్పుడు కూడా ఎవరినీ పట్టుకోని మనిషి ఆమె. రెబెక్కమ్మ ఆగిపోయింది.

ఎలిశబెతమ్మకు మతి చలించిందని తేల్చెయ్యడం తేలిక. సాయంత్రానికి బిట్రగుంటలో సగంమంది తేల్చేశారు కూడా. నేను మాత్రం ఆమె తరఫున కాస్త మాట్లాడాలి. ముప్ఫయ్యేళ్ళు ఇంజను డ్రైవరుకు క్యారియరు కట్టిన మనిషి ఆమె. జకరయ్య రిటైరయ్యి రైల్వే కాలనీ అంచున పెంకుటిల్లు కట్టుకున్న తరవాత కూడా ఆ ఇంట్లోకి గడియారం రాలేదు. ప్యాసింజరు కూతకు పొయ్యి రాజేసేవాళ్ళు, సాయంత్రపు గూడ్సు కదిలితే దీపం పెట్టేవాళ్ళు. ఢిల్లీ ఎంత దూరమని ఎవరైనా అడిగితే రెండు రాత్రులు అనేది. మైళ్ళతో ఆమెకు పనిలేదు.

మంగళవారం పొద్దున ముసలాయన పోగానే టెలిగ్రాం ఇచ్చారు. కొడుకు ఆ సాయంత్రమే గ్రాండు ట్రంకు బండి ఎక్కినా గురువారం తెల్లవారితే గాని ఇక్కడ దిగలేడు. ఆ లెక్క మీదే ఆమె ఇసకపల్లి చేపల వ్యాపారుల దగ్గర ఐసు తెప్పించి, రంపంపొట్టు కలిపి పెట్టె చుట్టూ పేర్పించింది. దాంతో నడింట్లో చావు వాసన బదులు చేపల వాసన నిండింది.

ఈ రోజు బుధవారం. ఢిల్లీ బండి ఇప్పుడు నాగపూరు దగ్గర ఎక్కడో నీళ్ళు పట్టుకుంటూ ఉండాలి. మరి వాకిట్లో ఈ మనిషి ఎట్లా నిలబడ్డాడు?

"విమానంలో వచ్చినానమ్మా" అన్నాడు హెబ్రోను.

విమానమంటే ఆ కాలనీకి ఆకాశంలో ఒక చప్పుడు. యుద్ధం రోజుల్లో రెండు విమానాలు సముద్రం మీదుగా తక్కువ ఎత్తులో పోతే పిల్లలందరూ ఇసకలో పడి పరిగెత్తారు. అందులో కూర్చుని ఒక మనిషి ఇంటికి రావడం ఎవరూ చూసింది కాదు.

ఎలిశబెతమ్మ కొడుకును పైనుంచి కిందిదాకా చూసింది. "అయితే దారి చెప్పు" అంది.

ఆ ఇంట్లో అదొక పద్ధతి. ప్రయాణం చేసి వచ్చినవాళ్ళు ఎవరైనా సరే, కాళ్ళు కడుక్కునే ముందు దారి చెప్పాలి. ఏ స్టేషనులో ఎంతసేపు ఆగింది, ఎక్కడ ఇంజను మారింది, ఎక్కడ ఏమి తిన్నారు. జకరయ్య అరుగు మీద కూర్చుని తల ఊపుతూ వినేవాడు. పెళ్ళయి ఆ ఇంట్లో అడుగుపెట్టిన రోజు రెబెక్కమ్మ కూడా సిగ్గుపడుతూ కోవూరు నుంచి బిట్రగుంట దాకా చెప్పింది. హెబ్రోనుకు అది ఉగ్గుపాలతో వచ్చిన విద్య.

ఈసారి అతని దగ్గర ఉన్నది ఒక్క ఊరే. మధ్యలో నాగపూరులో దిగామన్నాడు. అర్ధరాత్రి నాలుగు దిక్కుల నుంచి నాలుగు విమానాలు వచ్చి అక్కడ కలుస్తాయట. ఉత్తరాల మూటలు మార్చుకుంటాయట, మనుషులు కూడా ఒకదాంట్లోంచి దిగి ఇంకోదాంట్లో ఎక్కుతారట. తెల్లారేసరికి మద్రాసు.

"నాగపూరు తరవాత?"

"తరవాత ఏమీ లేదమ్మా. చీకటి."

"బల్లార్షా? కాజీపేట? బెజవాడ?"

"అవేవీ కనపడవు. ఊళ్ళు ఉండవు దారిలో."

ఎలిశబెతమ్మ చెయ్యి గుమ్మం మీద నుంచి జారింది. రెబెక్కమ్మ ఆమె ముఖం చూసింది. కొడుకు మీద కోపమేమీ లేదు అందులో. ఉన్నదంతా భయం.

"ఊరు ఊరూ దాటకుండా వచ్చేది ఎవురు రెబెక్కమ్మా" అంది మెల్లిగా. "బతికినోళ్ళు అట్ట రారు."

పాస్టరు ఆనందబాబుగారు కల్పించుకున్నారు. విమానాలు ఉన్నమాట నిజమేనని, నెల్లూరులో మిషను దొరలు ఎక్కినవాళ్ళేనని నచ్చజెప్పి, ఎలిశబెతమ్మను భుజం పట్టుకుని పక్కకు తీసుకుపోయారు. హెబ్రోను లోపలికి వచ్చాడు. పెట్టె దగ్గర మోకరించి, ఐసు మీద చెయ్యి ఆనించి, తండ్రి ముఖంలోకి చూస్తూ ఉండిపోయాడు. ఏడవలేదు.

వెనక నుంచి తల్లి పిలిచింది. "చిన్నోడా" అని, చిన్నప్పటి పిలుపు. అతను తిరగలేదు. రెండోసారి పిలిచింది. అప్పుడూ తిరగలేదు. చాపల మీద ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

వాళ్ళు ఇంకొకటి కూడా చూశారు. అతని చొక్కా తెల్లగా ఉంది. ఢిల్లీ నుంచి వచ్చిన మనిషి కాలరు మసి పట్టి, కనురెప్పల్లో బొగ్గు నలుసులతో దిగాలి. రైలు ఊళ్ళో పుట్టినవాళ్ళు దూరప్రయాణాన్ని ఆ మసిని బట్టే పోల్చుకుంటారు. హెబ్రోను పక్కింటి నుంచి వచ్చినంత శుభ్రంగా ఉన్నాడు.

అప్పటిదాకా మూల కూర్చున్న చెంచమ్మ లేచి రెబెక్కమ్మ చెవిదగ్గరికి వచ్చింది. "నీళ్ళు తాగినాడా?" అని అడిగింది.

చెంచమ్మ సంగతి ఆ కాలనీలో తెలియనివాళ్ళు లేరు. ఆమె మొగుడు పెంచలయ్య జకరయ్య ఇంజనులోనే బొగ్గు వేసే ఫైరుమను. ఒకనాడు రాత్రి బండికి రావలసినవాడు మధ్యాహ్నమే వాకిట్లో నిలబడ్డాడు. ఒంటి మీద బొగ్గు మరక లేదు. ఏందయ్యా అప్పుడే వచ్చినావని చెంచమ్మ చెంబుతో నీళ్ళిచ్చింది. తీసుకుని, చూసి, తిరిగి ఆమె చేతికే ఇచ్చాడు. కంచె అవతల నుంచి ఎలిశబెతమ్మ పేరుపెట్టి పిలిచింది. తిరక్కుండా వీధిలోకి నడిచిపోయాడు. దీపాలవేళ ఇంజన్ల షెడ్డు నుంచి మనుషులు కబురు తెచ్చారు. కావలి అవతల ఇంజను మీద నుంచి జారిపడి ఆ పొద్దునే పోయాడట.

కబురు కంటే మనిషి ముందొచ్చాడు. అప్పటినుంచి ఆ కాలనీలో, రావలసిన బండికన్నా ముందు ఇంటికొచ్చిన మగవాడికి ఆడవాళ్ళు మొదట నీళ్ళిస్తారు. అతను తాగిందాకా ఇంకో మాట మాట్లాడరు. మగవాళ్ళు నవ్వుతూనే గడగడా తాగేస్తారు. క్రైస్తవులకు ఇట్లాంటివి తగవని ఆనందబాబుగారు ప్రసంగంలో రెండుసార్లు మందలించారు. ఆయన భార్య కూడా ఇస్తుందని ఆయనకు తెలియదు.

రెబెక్కమ్మ చెంబు ముంచుకొచ్చి హెబ్రోను ముందు పట్టుకుంది. హెబ్రోను చెంబు అందుకుని పెదాల దాకా తెచ్చాడు. ముఖం ముడుచుకున్నాడు. తిరిగి ఆమె చేతికిచ్చాడు.

"తరవాత తాగతాలే" అన్నాడు.

చెంచమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి వెళ్ళిపోయింది.

పెరట్లో బావి దగ్గర భార్యాభర్తలకు కాస్త ఏకాంతం దొరికింది. తూర్పుగాలి ఉప్పగా వీస్తోంది. మస్తానయ్య మర్యాదగా మూతను ఇంటి ముందుకు మోసుకుపోయాడు. రెబెక్కమ్మ అడగవలసినవన్నీ అడిగింది. హెబ్రోను అన్నిటికీ జవాబు చెప్పాడు. విమానం పైకి లేచినప్పుడు చెవులు పూడుకుపోయాయి, ఇంకా తెరుచుకోలేదు, ఎడమవైపు ఏమీ వినపడడం లేదు. దారంతా వాంతులు, ఆ చేపల వాసనకు మళ్ళీ కడుపులో తిప్పింది. మద్రాసు నుంచి ఒక గుంటూరు వ్యాపారి తన కారులో ఎక్కించుకుని బిట్రగుంట రోడ్డు దగ్గర దింపాడు. రైల్లో వస్తే ఢిల్లీ నుంచి మద్రాసు పద్నాలుగు వందల మైళ్ళు, ఆకాశంలో పదకొండు వందలే. పైన వంకరలు లేవు, సిగ్నళ్ళు లేవు.

ప్రతి మాటా సబబుగానే ఉంది. రెబెక్కమ్మ నమ్మింది. నమ్మి, అతని చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా ఉంది. ఐసు మీద పెట్టాడు కదా, చల్లగా ఉండక ఏమవుతుంది అని తనకు తాను చెప్పుకుంది. అయినా పట్టుకున్న చెయ్యి వదిలేసింది.

"నాయన్ను ఈ సాయంత్రమే సమాధి చేద్దాం" అన్నాడు హెబ్రోను. "రేపటిదాకా ఎందుకు? నేను వచ్చేసినా గదా."

"అత్తయ్య ఒప్పుకోవాల."

"ఒప్పించు." వెంటనే ఇంకొకటి అడిగాడు. "ఢిల్లీ బండి ఇప్పుడు కూడా తెల్లారే వస్తుందా? ఈడ ఆగుతుందా?"

రెబెక్కమ్మ అతని వంక చూసింది. బిట్రగుంటలో ఇంజను మారకుండా ఏ బండీ ముందుకు పోదు. ఆ ఊరు పుట్టిందే అందుకు. నడక నేర్చిన రోజు నుంచి ఆ ప్లాట్‌ఫారం మీద ఆడుకున్నవాడు అడగవలసిన ప్రశ్న కాదు అది.

"ఆగుతుంది" అంది. తన మొగుడు తన ఎదుట నిలబడి మాట్లాడుతుంటే, అతను బతికి ఉన్నాడా లేదా అని తనకు అనుమానం రావడం ఆమెకే సిగ్గుగా ఉంది. సిగ్గుకు భయం తగ్గలేదు.

సాయంత్రం నడింట్లో గొడవ ముదిరింది. హెబ్రోను, పాస్టరుగారు, ఇద్దరు ముగ్గురు సంఘపెద్దలు ఒకవైపు. ఐసు కరిగిపోతోందని, ఇంకో రాత్రి ఆగదని, కొడుకు వచ్చాక ఆలస్యం చెయ్యడం పోయినాయనకు మర్యాద కాదని అందరూ తలా ఒక మాట అన్నారు. ఎలిశబెతమ్మ పెట్టె అంచు మీద చెయ్యి వేసి కూర్చుంది. కొడుకు ముఖం చూసి మూత పెట్టించాలి, అది మన ఆచారం, ఆ మూత మీద ఈ మనిషి చెయ్యి పడనివ్వను అంది. పోయినవాడి మూత పోయినవాడే వేస్తే ఆ ఇంట్లోంచి ఇంకో శవం లేస్తుందట.

హెబ్రోనుకు కోపం వచ్చింది. సంచిలోంచి విమానం టిక్కెట్టు ముక్క తీసి తల్లి ఒళ్ళో పడేశాడు. ఆమె దాన్ని ముట్టుకోలేదు.

"నన్ను చూడమ్మా. ఈడ నిలబడి ఉండా. నన్ను పోయినోడంటావా?"

"పెంచలయ్య కూడా నిలబడి ఉన్న్యాడు" అంది తల్లి. "నా కండ్లతో చూసినా."

పెట్టె కింద నుంచి కరిగిన నీళ్ళు గచ్చు మీద పాకి, పాస్టరుగారి కాళ్ళ దాకా వచ్చాయి. ఆయన కాళ్ళు వెనక్కి తీసుకున్నారు.

చివరికి రెబెక్కమ్మే మధ్యమార్గం పట్టింది. అత్త ఎదురుగా కూర్చుని, ఇంట్లో అందరికీ వినపడేటట్టు అడిగింది. "అత్తయ్యా, రేపు తెల్లారి బండికి మనిద్దరం పోదాం. ఆ బండిలో ఇంకో హెబ్రోను దిగకపోతే, ఆ బండితో ఏ కబురూ రాకపోతే, అప్పుడు ఈయన నీ కొడుకని ఒప్పుకుంటావా?"

ఎలిశబెతమ్మ పెట్టె అంచు మీది చెయ్యి తీసింది. "బండి ఖాళీగా పోతే ఒప్పుకుంటా" అంది. "దేవుడు దాన్ని ఖాళీగానే పంపాల. నాకేమన్నా వాడు పోవాలని ఉందా?" అని, అప్పుడు మొదటిసారి ఏడ్చింది.

హెబ్రోను మాత్రం తెల్లబోయాడు. భార్యను గది గుమ్మం దగ్గరికి పిలిచి, స్టేషనుకు పోవద్దన్నాడు. ఎందుకని అడిగితే, ముసలామె పిచ్చికి నువ్వు కూడా తాళం వెయ్యడమేమిటని కసిరాడు. తరవాత గొంతు తగ్గించి బతిమాలాడు. "పోవద్దు రెబెక్కా. రేపు తెల్లారకముందే మూత పెట్టించేద్దాం. నా మాట విను."

ఊరంతటిలో ఆ బండికి భయపడుతున్నది ఇతనొక్కడే. కబురు వచ్చేలోగా వెళ్ళిపోవలసినవాడిలా ఉన్నాడు అనుకుంది రెబెక్కమ్మ, అనుకుని తన మనసును తానే తిట్టుకుంది. ఆ రాత్రి ఆమె అత్త పక్కన, పెట్టె దగ్గరే కూర్చుంది. ఇతన్ని నాకు ప్రాణంతో ఉంచు ప్రభువా, ఇంకేమీ అడగను, అని లోలోపల అంటూనే ఉంది.

తెలవారుతుండగా ఇద్దరు ఆడవాళ్ళూ బయల్దేరారు. అరుగు మీద హెబ్రోనుకు వేసిన మంచం ఖాళీగా ఉంది. దుప్పటి పరిచింది పరిచినట్టే ఉంది, మనిషి పడుకున్న మడత లేదు. ఎలిశబెతమ్మ దాన్ని చూసి కోడలి చెయ్యి పట్టుకుంది.

ప్లాట్‌ఫారం మీద మంచుపొగ, బొగ్గుపొగ కలిసి పది అడుగుల దూరంలో మనిషి కనపడలేదు. బండి ఆలస్యం లేకుండా వచ్చింది. ఇంజను విడిపోయి నీళ్ళ గొట్టం వైపు వెళ్ళింది. టీ అమ్మేవాడు పెట్టె పెట్టెకూ తిరిగాడు. ఎలిశబెతమ్మ ప్రతి తలుపు వంకా చూస్తూ ముందు నుంచి వెనకకు నడిచింది. బెజవాడలో ఎక్కినవాళ్ళు కొందరు దిగారు. ఒక సిపాయి దిగాడు. హెబ్రోను దిగలేదు.

రెబెక్కమ్మకు గుండె కుదుటపడింది. అత్తయ్యా, ఎవరూ రాలేదు, ఇంటికి పోదాం రా అంది. ఆమె మాట పూర్తవుతుండగా ఆడవాళ్ళ పెట్టెలోంచి ఒక మనిషి దిగింది. ముప్ఫయి లోపు ఉంటుంది. మొహమంతా మసి, జుట్టు చెదిరి ఉంది. చంకలో నిద్రకళ్ళ ఆడపిల్ల, మూడేళ్ళదేమో. అటూ ఇటూ చూసి, పెద్దామె కనిపిస్తే దగ్గరికి వచ్చింది.

"అమ్మా, డ్రైవరు జకరయ్యగారి ఇల్లు ఎటు? ఆయన కొడుకు హెబ్రోనుగారు..." అంది. మాటలో కాస్త అరవ యాస ఉంది.

ఎలిశబెతమ్మ ముఖంలో రక్తం లేదు. కోడలి చేతిని గోళ్ళు దిగేటట్టు పట్టుకుంది. "కబురు తెచ్చినావా తల్లీ? ఎప్పుడు పోయినాడు నా కొడుకు?"

ఆ మనిషి విస్తుపోయింది. "పోవడమేంది? ఆయన విమానంలో వచ్చేసి ఉంటారు గదా. సంచి నేనే సర్ది ఇచ్చినాను. నన్ను రావద్దన్నారు. బిడ్డకు తాతగారి ముఖం ఒక్కసారైనా చూపించాలని నేనే ఉండబట్టలేక ఆ సాయంత్రం బండి ఎక్కేసినాను. ఎందుకు, ఆయన ఇంకా రాలేదా?"

ఎలిశబెతమ్మ రెండు చేతులూ చాచి ఆ పిల్లను అందుకుంది. గుండెకు హత్తుకుంది. నిన్నటి నుంచి బిగబట్టుకున్నదంతా ఒక్కసారిగా తెగిపోయి, ఏడుస్తూ నవ్వుతూ కోడలి వైపు తిరిగింది.

"విన్నావా రెబెక్కమ్మా. వాడు బతికే ఉండాడు. నా కొడుకు బతికే ఉండాడు."

రెబెక్కమ్మ విన్నది. రాత్రంతా ఆమె దేవుణ్ణి అడిగింది ఆ ఒక్కటే.

కొత్త ఇంజను తగులుకుని బండి ఒక్క కుదుపు కుదిపింది. ఆ మనిషి చిన్న ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని రెబెక్కమ్మ వంక చూసి, అలసటగా నవ్వింది.

"ఇల్లు ఈడికి ఎంత దూరం అక్కా?"

రెబెక్కమ్మ చెయ్యెత్తి కాలనీ వైపు చూపించింది.